తెర వెనుక బాల్యము

నాటక సమాజములలో పెరిగిన పిల్లలను గురించి మాట్లాడవలసినదని రేడియోవారు కోరినప్పుడు, ఈ విషయమున నాకెంత అధికారమున్నదని మొదట సందేహించినాను. నేను నటుడను కాను. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో ముప్పది యేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్న ఉపాధ్యాయుడను. అయినను రెండు కారణములు నన్ను ఒప్పించినవి. చిన్నతనమున నాలుగేండ్లపాటు ఒక పిల్లల నాటక బృందములో ఉండి, హరిశ్చంద్ర నాటకములో లోహితాస్యుడనై పాముకాటున అనేక పర్యాయములు మరణించినాను. ఇది మొదటి కారణము. 1972లో తాండూరులో నా తరగతిలోనికి వచ్చి వెనుక బల్లపై కూర్చున్న ఒక పిల్లవాడు రెండవ కారణము. వాని సంగతి చివర చెప్పెదను.

వికారాబాదు నేడు జిల్లా కేంద్రము. 2016 అక్టోబరులో ఆ గౌరవము దక్కినది. నా చిన్ననాట అది అనంతగిరి కొండల పాదమున ఒక రైల్వే జంక్షను, అంతే. వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గము 1874లో పడినది. అప్పటినుండి మా ఊరికి ఏ కొత్త వస్తువు వచ్చినను రైలులోనే వచ్చినది. అనంతగిరి దవాఖానకు గాలి మార్పుకై వచ్చు క్షయరోగులు, కందులు కొను సేట్లు, హరికథా భాగవతులు, నాటకాల వాళ్లు అందరును ఆ స్టేషనులోనే దిగినారు. నాటకాల వాళ్లు దిగినారని తెలియుటకు ఎవరును చెప్పనక్కరలేదు. ప్లాట్‌ఫారము మీద చుట్టచుట్టిన తెరలు, పొడుగాటి వెదురు బొంగులు, ఒక హార్మోనియము పెట్టె, వాని నడుమ నిద్రమత్తులో కూర్చున్న పిల్లలు కనబడుదురు. ఆ పిల్లలను చూచి మేము ఈర్ష్యపడితిమి. వాళ్లు బడికి పోనక్కర లేదని మా ఈర్ష్య.

మా బృందమునకు పేరు లేదు. రైల్వే గుడ్సు ఆఫీసులో పనిచేయు ఒక పెద్దమనిషి కోస్తా జిల్లానుండి బదిలీపై వచ్చినాడు. ఆయనకు హార్మోనియము వచ్చును, పద్యములు వచ్చును, సాయంకాలము పొద్దుపోదు. ఆయనను మేము మాస్టరు అనెడివారము. పదిమంది పిల్లలను ప్రోగుచేసి, బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్రను కత్తిరించి, మూడు గంటలకు సరిపోవునట్లు చేసినాడు. మాకు అభ్యాసస్థలము ఒక కందుల గోదాము. బస్తాలపై కూర్చుండి పద్యములు చదువుచుంటే కంది దుమ్ముకు గొంతులు పట్టెడివి. గొంతు పట్టిన దినము పాడినవాడే నటుడని మాస్టరు వాదము.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. హైదరాబాదు సంస్థానములో మాకంటె నాలుగైదేండ్లు పెద్దవారు ఉర్దూలో చదువుకొన్నవారు. తెలుగు వారికి ఇంటిభాష, బజారుభాష. అక్షరముల భాష కాదు. మా బృందములో విశ్వామిత్రుడు, నక్షత్రకుడు ఇద్దరును అట్టివారే. వాళ్లు తమ పద్యములను, అన్ని దీర్ఘసమాసములతో సహా, ఉర్దూ లిపిలో వ్రాసుకొని కంఠస్థము చేసినారు. కుడినుండి ఎడమకు వ్రాసిన ఆ తెలుగు సీసపద్యములను నేను కన్నులార చూచినాను. నక్షత్రకుడు వేసిన అన్న తరువాత తెలుగు ఓనమాలు నేర్చుకొని తహసీలు కచ్చేరిలో గుమాస్తా అయినాడు. ఆయనకు తెలుగు చదువు వచ్చుట నాటకము వలననే. బడి చేయవలసిన పనిని ఒక కందుల గోదాము చేసినదన్నమాట.

లోహితాస్యుని వేషము సులభమని చాలమంది భ్రమ. దర్భలు కోయబోవుట, పాము కరచుట, పడిపోవుట, ఇంతవరకు సులభమే. కష్టము ఆపైన ఉన్నది. శవమై కదలక పడియుండవలెను. చంద్రమతి వేయు అన్న మంచి గాయకుడు. అతడు ఒక పద్యము ముగించి ఏడ్వగానే ముందువరుసలో ఎవరో ఒకరు ‘ఒన్స్ మోర్’ అందురు. మళ్లీ అదే పద్యము. పెట్రోమాక్సు లైటు నా తలకు రెండు మూరల దూరమున ఉండెడిది. ఆ వెలుతురుకు పురుగులన్నియు వచ్చి నా ముఖముపై వాలెడివి. ముఖమున అర్దళము, సఫేదా పూసియుందురు గనుక చెమటకు అది కారి కంటిలోనికి పోయెడిది. కన్ను నులుముకొనరాదు, శవము గదా! ఒకనాడు ఈ బాధలన్నిటిని జయించి నిజముగానే నిద్రపోయినాను. కాటిసీనుకు నన్ను చేతులపై ఎత్తుకొన్నప్పుడు నా గురక హరిశ్చంద్రునికి వినబడి, పాపము ఆయన సత్యవ్రతము ఆనాడు కొంత సడలినది. ఆయన నవ్వును ఆపుకొన్న తీరును ప్రేక్షకులు దుఃఖమనుకొన్నారు.

మా అమ్మ ఆ నాటకమును ఒక్కసారియు చివరివరకు చూడలేదు. “ఇంట్లో పిల్లగాడు అట్లా పడి ఉంటే నేను కూసోని చూడాల్నా?” అని, అడవిసీను రాకముందే లేచి ఇంటికి పోయెడిది. నేను అర్ధరాత్రి దాటి ఇల్లు చేరగానే గడపలోనే నిలిపి ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిన తరువాత గాని అన్నము పెట్టెడిది కాదు. మా నాయన నాటకమును చూచినాడో లేదో ఇంతవరకు నాకు తెలియదు. చూచినానని ఒప్పుకొనలేదు.

పదునాలుగవ యేట నా గొంతు మారినది. ఒక పద్యము ఎత్తుకొని, మూడవ పాదములో సన్నని గొంతుతో మొదలుపెట్టిన మాటను బొంగురు గొంతుతో ముగించినాను. సభ అంతయు నవ్వినది. మరుసటి దినము మాస్టరు నన్ను పిలిచి, “ఇక నీవు తెర లాగుదువు గాని” అన్నాడు. కోపము లేదు, ఓదార్పు లేదు. నాకు తెలిసిన మొదటి ఉద్యోగవిరమణ అదియే. రెండవది ప్రభుత్వమువారు ఇచ్చినారు. దానికి పూలదండ వేసినారు.

గొంతు మారుటయను ఈ చిన్న ప్రమాదము మాబోటివారికి ఒకనాటి అవమానము. నాటకమే జీవనోపాధియైన పిల్లలకు అది బ్రతుకుతెరువు సమస్య. మనకు పొరుగున తమిళదేశములో ‘బాయ్స్ కంపెనీ’లని ఉండెడివి. పేద ఇండ్ల పిల్లలను చేర్చుకొని, అన్నవస్త్రములిచ్చి, కఠిన శిక్షణతో నాటకములాడించెడివారు. శంకరదాస స్వామిగారు 1918లో మధురలో నెలకొల్పిన బాలసభ అట్టిది. తరువాత చలనచిత్రములలో గొప్పవారైన ఎం. జి. రామచంద్రన్ వంటివారు బాయ్స్ కంపెనీలలో పెరిగినవారే. ఆకలి వారిని అక్కడికి తెచ్చినది, విద్య అక్కడ దొరికినది. కాని గొంతు పోయిన పిల్లవానికి అక్కడ ఏమి మిగిలెడిదో ఊహించుకొనవచ్చును.

ఇది మన దేశమునకే పరిమితమైన సంగతి కాదు. షేక్స్పియరు కాలమున లండనులో కేవలము పిల్లలే ఆడు నాటక సమాజములుండినవి. 1600 డిసెంబరులో బ్లాక్‌ఫ్రయర్స్ నాటకశాలవారు, బడికి పోవుచున్న థామస్ క్లిఫ్టన్ అను పిల్లవానిని దారిలో పట్టుకొనిపోయి పాఠము చేతికిచ్చి వల్లెవేయుమన్నారు. తండ్రి గొప్పయింటివాడు గనుక పలుకుబడి ఉపయోగించి కుమారుని విడిపించుకొని, మరుసటి యేడు న్యాయస్థానములో ఫిర్యాదు చేసినాడు. పలుకుబడి లేని తండ్రుల పిల్లల పేర్లు కూడ ఆ ఫిర్యాదులోనే ఉన్నవి. బడికి పోవు త్రోవ, నాటకశాలకు పోవు త్రోవ ఒకచోట కలిసినప్పుడు పిల్లవాడు ఎటు పోవలెనను ప్రశ్న నాలుగు వందల యేండ్లనాటిది.

మన తెలుగుదేశమున ఈ ప్రశ్నను తమదైన పద్ధతిలో ఎదుర్కొన్నవారు సురభివారు. పిల్లలను బయటనుండి తెచ్చుకొనుట వారి పద్ధతి కాదు. సమాజమే ఒక కుటుంబము. వీరి పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చి రాయలసీమలో తోలుబొమ్మలాడించుకొని జీవించినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు మొదలగువారు బొమ్మలను పక్కకు పెట్టి, తామే వేషములు కట్టి ‘కీచకవధ’ ఆడినారు. అక్కడినుండి ‘సురభి’ అనునది ఊరిపేరు కాక వంశము పేరైనది. స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆ రోజులలో గోవిందరావుగారు తమ ఇంటి స్త్రీలనే రంగస్థలము ఎక్కించినారు. ఈ ఒక్క పని వలన కలిగిన ఫలితములు చాల పెద్దవి. తల్లి వేదికపై ఉన్నచో చంటిబిడ్డ ఎక్కడ ఉండును? తెర వెనుకనే ఉండును. తల్లి పాడు పద్యమే జోలపాట. అన్నప్రాశనము నాటికి వేదిక ఎక్కని బిడ్డ సురభిలో అరుదు.

స్త్రీపాత్ర పురుషుడే ధరించిన కాలమున పరిస్థితి ఎట్లుండెడిదో స్థానం నరసింహారావుగారి చరిత్ర చెప్పును. 1921లో బాపట్లలో చంద్రమతి వేయవలసిన నటుడు రాకపోగా, పందొమ్మిదేండ్ల యువకుడైన స్థానంవారు ఆ వేషము కట్టినారు. అది మొదలు జీవితాంతము స్త్రీపాత్రలకు పేరుపడి, 1956లో పద్మశ్రీ పొందినారు. గొంతు మారినను కళ మారని ఆ అదృష్టము కోటికొక్కరిది. సురభి పిల్లవానికి అంత అదృష్టముతో పనిలేదు. వాని గొంతు పోయిన దినమున వాని చెల్లెలు ఆ వేషము కట్టును. వాడు తబలా ముందు కూర్చుండును. ఇంటిలో పని మారినంతగా వేషము మారును, అంతియే.

సురభి కమలాబాయిగారి పేరు వినని పెద్దలుండరు. ఆమె 1907లో పుట్టినది. తల్లి వేషములో ఉండగనే నొప్పులు వచ్చి రంగస్థలము మీదనే ప్రసవించినదని చెప్పుకొందురు. బాలపాత్రలతో ఆరంభించి, కంపెనీలో నాయికయై, తుదకు తెలుగు టాకీలకు తొలి కథానాయిక అయినది. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన ఆ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరిలో విడుదలైనది. సురభివారు ఆడుచున్న నాటకమునే ఆ చిత్రమునకు తీసుకొన్నారు. ప్రహ్లాదుడుగా నటించిన సింధే కృష్ణారావు కూడ సురభి పిల్లవాడే. తెలుగు వెండితెరపై మొదట మాటాడిన పిల్లవాడు నాటకాల పిల్లవాడని మనము మరవరాదు.

ఈ సమాజములో పిల్లవాని పెంపకము ఎట్లుండునో వినదగినది. ఉయ్యాలలోని శిశువు శ్రీకృష్ణలీలలలో వసుదేవుని తలపై బుట్టలోని కృష్ణుడు. నడక వచ్చినచో వెన్నదొంగ. మాట స్పష్టమైనచో ప్రహ్లాదుడు, లోహితాస్యుడు. అన్నదమ్ములిద్దరు ఈడుజోడుగా ఉన్నచో కుశలవులు. పాఠములెవరును కూర్చుండబెట్టి చెప్పరు. రాత్రి నాటకమును పక్క రెక్కలనుండి చూచి చూచి పిల్లలకు ప్రతి పాత్రయు నోటికి వచ్చును. పగలు డేరాల మధ్య వాళ్లు ఆడుకొను ఆట కూడ నాటకమే. మీసములు మసితో దిద్దుకొన్న ఏడేండ్ల హిరణ్యకశిపుడు ఆరేండ్ల ప్రహ్లాదుని గదమాయించును. ఒకనాటి రాత్రి నిజమైన ప్రహ్లాదునికి జ్వరము వచ్చును. ఆటలోని ప్రహ్లాదుడు వేదిక ఎక్కును. శిక్షణ పూర్తియైనట్లే.

అయితే వేషము కట్టుట సగము విద్య మాత్రమే. సురభివారికి పేరు తెచ్చినది వారి రంగస్థల యంత్రాంగము. నారదుడు మేఘములనుండి దిగును. ‘మాయాబజారు’లో ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు వాటంతటవే ఎగిరిపోవును. ఎదురెదురుగా వచ్చిన బాణములు నడిమింట ఢీకొని నిప్పులు కురియును. ఒక అంకమునకును మరియొక అంకమునకును నడుమ, రెప్పపాటులో అడవి పోయి రాజసభ వచ్చును. ఇదంతయు చేయునది విద్యుద్యంత్రము కాదు. సన్నని తీగలు, కప్పీలు, చుట్టగా దిగు రంగుల తెరలు, తెర వెనుక నిలిచి సరియైన క్షణమున త్రాడు లాగు చేతులు. ఆ చేతులలో పిల్లల చేతులు కొన్ని. వేదికపై వేషమున్నవాడు తన రంగము ముగియగానే కిరీటము తీయకుండనే వెనుకకు వచ్చి త్రాడు పట్టుకొనును. సురభిలో రాజు, భటుడు, కూలివాడు ఒక్కడే. త్రాడు ఒక క్షణము ముందు వదలినచో నారదుడు నేలపై పడును. ఆ నారదుడు తన మేనమామ. బాధ్యతయను మాటకు నేను ముప్పదియేండ్లు బడిలో అర్థము చెప్పినాను, కాని ఇంత బాగుగా చెప్పలేకపోయినాను.

సురభి వృక్షము ఒకప్పుడు ముప్పదికి పైబడిన శాఖలుగా విస్తరించినది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలము పంచుకొన్నట్లు వారు తెరలు, కిరీటములు పంచుకొన్నారు. టాకీలు వచ్చినవి, తరువాత ఇంటింట టెలివిజన్ వచ్చినది. శాఖలు ఒక్కొక్కటిగా ఎండి నాలుగైదు మిగిలినవి. వానిలో ఒకటియైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో ఏర్పడినది. దానిని బాబ్జీగా ప్రసిద్ధులైన రేకందార్ నాగేశ్వరరావుగారు చాలకాలము నడిపినారు. ఆయనకు 2013లో పద్మశ్రీ వచ్చినది; 2022లో కన్నుమూసినారు. బి. వి. కారంత్ వంటి జాతీయ దర్శకుడు 1990 దశకములో వారి మధ్యకు వచ్చి ‘భీష్మ’ మొదలగు కొత్త నాటకములు చేయించినాడు. 2013లో వారు ఫ్రాన్సు దేశములోని మెట్జ్ నగరమునకు పోయి తమ నాటకములాడి వచ్చినారు. పల్లెటూరి సంతదగ్గర రేకుల షెడ్డులో పుట్టిన నారదుడు పరదేశమున దిగినాడు.

నేడు వారిలో చాల కుటుంబములు హైదరాబాదు శివార్లలో లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడినవి. వికారాబాదులో రైలెక్కినచో సికింద్రాబాదుకు పోవు దారిలోనే ఆ స్టేషను. స్థిరపడిన తరువాత పిల్లలు క్రమముగా బడికి పోవుచున్నారు, కాలేజీకి పోవుచున్నారు, పగలు ఉద్యోగములు చేసి సాయంకాలము వేషములు కట్టువారున్నారు. అంతకుముందు సంగతి వేరు. మూడు నెలలకొక ఊరు. ఊరు మారినప్పుడెల్ల బడి మారవలెను. ఒక ఊరిలో తొలకరికి అక్షరములు మొదలుపెట్టినచో మరియొక ఊరిలో సంక్రాంతికి మళ్లీ అవే అక్షరములు. వెయ్యి పద్యములు నోటికి వచ్చిన పిల్లవాడు తన పేరు వ్రాయలేకపోవుట సంచార సమాజములలో వింతకాదు.

ఈ చిక్కునకు ఇంకొక విధమైన పరిష్కారమును రేడియో చూపినది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, మన రేడియో అన్నయ్య, అక్కయ్యలు, 1940లో మద్రాసులో బాలానంద సంఘము స్థాపించి, రాష్ట్రావతరణము తరువాత హైదరాబాదునుండి ఆ పని కొనసాగించినారు. అక్కడ పిల్లవాడు వారమంతయు బడికి పోవును, సెలవునాడు వచ్చి నాటకమాడును. కడుపుకొరకు ఆడనక్కరలేదు. గొంతు మారినచో ఎవరును తెర లాగుమనరు. మా ఇంట రేడియో కొన్న సంవత్సరము ఆ పిల్లల నాటికలు విని, ముఖమునకు అర్దళము పూయకుండ, పురుగులు వాలకుండ నాటకమాడవచ్చునా అని నేను ఆశ్చర్యపడినాను. అయినను ఒక మాట నిర్మొహమాటముగా చెప్పెదను. ఆ నాటికలలో పిల్లలు ముద్దుగా మాటాడినారు. కంపెనీ పిల్లలు ముద్దుగా మాటాడరు. మూడవ వరుస దాటి, ముప్పదవ వరుసలో నేలటిక్కెట్టు కొన్న రైతుకు వినబడునట్లు మాటాడుదురు. ఆ గొంతు వేరు.

ఆ గొంతును నేను తాండూరులో విన్నాను. తాండూరనగానే నాపరాళ్లు, కందులు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అక్కడి వీధులలో ఒకే వాక్యములో తెలుగు, కన్నడము, ఉర్దూ వినవచ్చును. 1972 శీతకాలమున ఒక సంచార నాటక సమాజము బండల గనుల త్రోవలో ఖాళీ స్థలమున షెడ్డు వేసినది. వారము తిరుగకముందే ఒక ముసలమ్మ పన్నెండేండ్ల మనుమని చేయిపట్టుకొని నేను పనిచేయు బడికి వచ్చినది.

“అయ్యా, మూడు నెలలుంటాము. వీడికి నాలుగు అక్షరాలు చెప్పించండి. మా కంపెనీలో పుస్తకం చదివేవాడు ఒక్కడే మిగిలాడు. వాడికి చూపు తగ్గింది” అన్నది.

బడి పెద్దలు బదిలీ పత్రము అడిగినారు. ఏ బడిలోను పేరు లేనివానికి బదిలీ పత్రము ఎక్కడిది? నియమము నియమమే, మూడు నెలలకు పోవువానిని చేర్చుకొన్నచో లెక్కలు తారుమారగునని వారి భయము. నేను వాదించినాను. వాదించి ఏమి సాధించితినన్న, పిల్లవానిని కూర్చుండనియ్యవచ్చును, రిజిస్టరులో పేరు మాత్రము ఎక్కించరాదు. ఇది నాకు అప్పుడు విజయముగానే తోచినది.

వానిని మూడవ తరగతి పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టినచో సిగ్గుపడినాడు. ఏడవ తరగతిలో నా దగ్గరనే ఉంచుకొన్నాను. అక్షరమాల చెప్పబోతే రెండు దినములలో విసుగుకొన్నాడు. అప్పుడు నాకొక ఉపాయము తోచినది. వాని కంపెనీలో ఉన్న ప్రహ్లాద నాటకము అచ్చుపుస్తకమును తెమ్మన్నాను. వానికి అది ఆద్యంతము కంఠస్థము. మొదటి పద్యము మొదటి మాటపై వ్రేలు పెట్టించి, “ఇది నీ నోటిలో ఉన్న మాటయే, చూడు” అన్నాను. వాడు పద్యము పాడుచు వ్రేలు జరుపుకొనిపోయినాడు. మొదట వ్రేలు ఒకచోట, నోరు ఒకచోట. వ్రేలు పంక్తి చివర చేరునప్పటికి నోరు రెండు పాదములు ముందుండెడిది. మళ్లీ మొదటినుండి. పదిదినములకు వ్రేలును నోరును ఒక్కచోట కలిసినవి. “సార్, ఇక్కడ ‘హరి’ ఉంది! ఇక్కడ కూడా ఉంది!” అని వాడు కేకవేసినాడు. ఆ కేక మూడు గదుల అవతల వినబడి, లెక్కల మాస్టరు పరుగెత్తుకొని వచ్చినాడు.

రెండు నెలలలో వాడు నాటకపుస్తకమును కాక ఇతర పుస్తకములను కూడ కూడబలుకుకొని చదువసాగినాడు. వ్రాత మాత్రము ఆలస్యమైనది. వాని చేతికి త్రాడు అలవాటు, బలపము కాదు. గట్టిగా పట్టి విరిచెడివాడు. తరగతిలో వానికొక గౌరవము ఏర్పడినది. సెలవురోజున పిల్లలందరును నాటకమునకు పోయి, ఏనుగుకాళ్ల క్రింద, విషపాత్ర ముందర నిలిచిన వానిని చూచి వచ్చి, సోమవారమున వానితో మాటాడుటకు సంకోచించెడివారు. వాడు మాత్రము వారి సంచులలోని సద్దిరొట్టెలవైపు చూచెడివాడు. ప్రహ్లాదునికి ఆకలి ఎక్కువ.

ఒకనాడు వాడు పద్యము చదువుచుండగా గొంతు చీలినది. సన్నగా మొదలై బొంగురుగా ముగిసినది. పిల్లలు నవ్వినారు. నేను నవ్వలేదు, నా పదునాలుగవ యేడు జ్ఞాపకము వచ్చినది. వాడు ఏడ్వలేదు. గొంతు సవరించుకొని, పెద్దవాని వలె, “రాత్రికి మా చెల్లెలికి చెప్పాలి సార్” అన్నాడు. మరుసటి రాత్రి నేను నాటకమునకు పోయినాను. ప్రహ్లాదుడు తొమ్మిదేండ్ల బాలిక. స్తంభము పగులు సమయమున తెర వెనుకనుండి ఎవరో త్రాడు లాగినారు. స్తంభము సరిగా క్షణమునకు పగిలినది.

సంక్రాంతి గడచిన వారమునకు ఉదయము బడికి వచ్చునప్పటికి వెనుక బల్ల ఖాళీ. షెడ్డు వేసిన స్థలమున వెదురుబొంగులు పాతిన గుంటలు మాత్రము మిగిలినవి. రాత్రి ఆట ముగియగానే లారీలకెక్కించి, కర్ణాటకవైపు పోయినారని చెప్పినారు. వాని పుస్తకము నా బల్లపై ఉన్నది. కాగితపు అట్ట లోపలి వైపున, విరిగిన బలపముతో కాబోలు, వంకరటింకర అక్షరములతో తన పేరు వ్రాసి, దాని క్రింద తాను పుట్టినది మొదలు కంపెనీ మకాము వేసిన ఊళ్ల పేర్లు వరుసగా వ్రాసినాడు. వానిలో సగము తప్పులు. చివరి పేరు తాండూరు. దానికి దీర్ఘము సరిగా పెట్టినాడు.

ఆ ఉదయము హాజరు పిలుచునప్పుడు రిజిస్టరులోని పేర్లన్నియు ముగించి, అలవాటు చొప్పున రిజిస్టరులో లేని ఆ పేరును కూడ పిలిచినాను. పిల్లలు వెనుకకు తిరిగి చూచినారు. రెండు నెలలుగా వాడు “హాజిర్ సార్” అన్నచో కిటికీలు అదరెడివి. నేను కలము మూసి, రిజిస్టరు ప్రక్కకు పెట్టి, ఆనాటి పాఠము తీసినాను.